సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పీజీ స్థాయిలో చదవడం ఎలా: షరతులు పట్టుకుని నడిచే దారి

సిగ్నల్స్‌నీ, వాటిని మార్చే సిస్టమ్స్‌నీ గణితంతో చదివే ఈ సబ్జెక్టులో డిగ్రీలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా పీజీకి వచ్చాక ఇక్కడే తడబడుతుంటారు. లెక్కలు ఒక్కసారిగా కష్టమైపోయాయని కాదు, అడిగే ప్రశ్న మారిపోయింది. డిగ్రీలో "ఈ సిగ్నల్‌కి ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ కట్టండి" అంటారు, అంటే అందులో ఏయే ఫ్రీక్వెన్సీలు ఎంతెంత ఉన్నాయో రాయమని; పట్టిక చూసి కట్టేస్తాం. పీజీలో "దీనికి ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అసలు ఉందా? ఉంటే ఏ అర్థంలో ఉంది? తిరగేస్తే అదే సిగ్నల్ వస్తుందా, ప్రతి క్షణంలోనూ వస్తుందా?" అని అడుగుతారు. పట్టికలో దీనికి జవాబు దొరకదు.

నేను చెప్పే పద్ధతి ఒక్కటే, మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే. ఏ థీరమ్ చదివినా దాని షరతులేమిటో విడివిడిగా రాసుకోండి. తర్వాత ఒక్కో షరతునూ తీసేసి, ఆ థీరమ్ ఎక్కడ కూలిపోతుందో చూపే ఉదాహరణ ఒకటి వెతకండి. దీనికోసం ఒక నోట్‌బుక్ కేటాయించండి, థీరమ్‌కో పేజీ చొప్పున: పైన థీరమ్, మధ్యలో షరతులు, కింద అది విఫలమయ్యే ఉదాహరణలు. కిందిభాగం ఖాళీగా ఉన్న పేజీ అంటే మీకు ఇంకా అర్థంకాని థీరమ్ అని లెక్క. ప్రూఫ్ బట్టీ పట్టినవాళ్లు రెండు నెలల్లో మర్చిపోతారు, ఈ ఉదాహరణలు మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంటాయి. అందుకే ఇక్కడ ప్రతి మెట్టులోనూ కనీసం ఒక ఉదాహరణ ఇస్తున్నాను, మీ నోట్‌బుక్ వీటితోనే మొదలుపెట్టుకోవచ్చు.

మొదటి మెట్టు: పునాది ఎంత గట్టిగా ఉందో చూసుకోండి

పుస్తకం మూసేసి మూడు ప్రశ్నలకు జవాబు రాయండి.

ఒకటి. టీ అనే క్షణంలో అవుట్‌పుట్‌గా రెండు టీ క్షణంలోని ఇన్‌పుట్‌ని ఇచ్చే సిస్టమ్ ఉంది, అది లీనియరా (ఇన్‌పుట్‌లని కలిపితే అవుట్‌పుట్‌లూ అలాగే కలుస్తాయా), టైమ్ ఇన్వేరియంటా (ఇన్‌పుట్‌ని ఎంత జరిపితే అవుట్‌పుట్ అంతే జరుగుతుందా)? లీనియరే. కానీ ఇన్‌పుట్‌ని 3 సెకన్లు వెనక్కి జరిపితే అవుట్‌పుట్ ఒకటిన్నర సెకన్లే జరుగుతుంది కాబట్టి టైమ్ ఇన్వేరియంట్ కాదు. రెండు. వెడల్పు 1 ఉన్న పెట్టె పల్స్‌నీ వెడల్పు 3 ఉన్న పెట్టె పల్స్‌నీ చేత్తో కన్వల్యూషన్ చేస్తే, అంటే ఒకదాన్ని తిప్పి రెండోదాని మీదుగా జరుపుతూ గుణించి ఇంటిగ్రేట్ చేస్తే, ఏం వస్తుంది? మొత్తం పొడవు 4, పైన చదునుగా ఉండే భాగం పొడవు 2 ఉన్న ట్రెపీజియం రావాలి. మూడు. ఒకటి బై ఎస్ ప్లస్ ఒకటి అనే లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ ఏ సిగ్నల్‌ది? ఇక్కడ "ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గేది" అని ఒకే జవాబు రాసి ఆగిపోయారంటే ఐదో మెట్టు మీకోసమే.

మొదటి రెండూ రాకపోతే సిగ్గుపడాల్సిందేమీ లేదు, రెండు మూడు వారాలు డిగ్రీ పాఠాలకే ఇచ్చి మళ్లీ రండి. ఆ సమయం వృథా కాదు. పునాది లేకుండా ముందుకెళ్తే ప్రతి అధ్యాయంలోనూ అదే అప్పు వడ్డీతో సహా కడుతూనే ఉండాలి.

రెండో మెట్టు: లీనియర్ ఆల్జీబ్రా, అందులోనూ ప్రొజెక్షన్

మొత్తం దారిలో ఎక్కువ సమయం ఎక్కడ పెట్టాలని ఎవరైనా అడిగితే నేను ఇక్కడే అంటాను. సిగ్నల్‌ని వెక్టర్‌గా చూడటం అలవాటైతే మిగతా సబ్జెక్టు సగానికి సగం చిన్నదైపోతుంది. రెండు సిగ్నల్స్‌ని గుణించి ఇంటిగ్రేట్ చేస్తే ఇన్నర్ ప్రొడక్ట్, ఒక సిగ్నల్ ఎనర్జీ అంటే దాని పొడవు వర్గం, ఇన్నర్ ప్రొడక్ట్ సున్నా అయితే అవి లంబంగా ఉన్నట్టు. ఇంతవరకు అందరూ చెబుతారు. అసలు పట్టుకోవాల్సింది ప్రొజెక్షన్ థీరమ్: ఒక సబ్‌స్పేస్‌లో మనకు కావాల్సిన వెక్టర్‌కి అతి దగ్గరగా ఉండేది ఏదంటే, మిగిలిపోయే ఎర్రర్ ఆ సబ్‌స్పేస్ మొత్తానికీ లంబంగా ఉండేది. ఫోరియర్ సిరీస్ గుణకాలు ఇక్కడినుంచే వస్తాయి, లీస్ట్ స్క్వేర్స్ ఇక్కడినుంచే వస్తుంది, నాయిస్‌లోంచి సిగ్నల్‌ని అంచనా కట్టే వీనర్ ఫిల్టర్, కల్మాన్ ఫిల్టర్ కూడా ఇక్కడినుంచే వస్తాయి. నాలుగు వేర్వేరు అధ్యాయాల్లో నాలుగు వేర్వేరు గుర్తులతో రాసి ఉండటం వల్ల ఇవి వేరని అనిపిస్తుంది, అంతే.

అయితే సిగ్నల్ స్పేస్‌కి అనంతమైన డైమెన్షన్లు ఉంటాయి, మూడు డైమెన్షన్లలో చెల్లిన మాట ఇక్కడ అన్నిసార్లూ చెల్లదు. దగ్గరవడం అనే మాటకే ఒకటికి మించి అర్థాలు వస్తాయి. చతురస్రాకార తరంగానికి ఫోరియర్ సిరీస్ తీసుకోండి. పదాలు పెంచేకొద్దీ ఎర్రర్ ఎనర్జీ సున్నాకి పోతుంది, కానీ దూకే చోటు పక్కన ఉండే పొంగు మాత్రం ఎన్ని పదాలు కలిపినా ఆ దూకుడులో దాదాపు 9 శాతం దగ్గరే నిలిచిపోతుంది. దీన్ని గిబ్స్ ఫినామినన్ అంటారు. గిబ్స్ 1899లో దీని గురించి రాశాడు, అంతకు ముందే 1848లో విల్‌బ్రహామ్ దీన్ని గమనించాడు. పొంగు ఎత్తు తగ్గదు, దాని వెడల్పు తగ్గుతూ పోతుంది, అందుకే ఎనర్జీ సున్నా అవుతుంది. ఈ ఒక్క బొమ్మని కంప్యూటర్‌లో 10 పదాలతో, 100 పదాలతో, 1000 పదాలతో గీసి చూడండి. ఎనర్జీ పరంగా దగ్గరవడానికీ ప్రతి బిందువు దగ్గరా ఒకే తీరున దగ్గరవడానికీ ఉన్న తేడా నిర్వచనం పదిసార్లు చదివినా రానంతగా అర్థమవుతుంది.

ఈ మెట్టులోనే రెండు స్పేస్‌లు బాగా పరిచయం చేసుకోండి: అబ్సొల్యూట్ విలువ ఇంటిగ్రల్ పరిమితంగా ఉండే సిగ్నల్స్ ఒక గుంపు, వర్గం ఇంటిగ్రల్ పరిమితంగా ఉండే సిగ్నల్స్ ఇంకో గుంపు. ఒకటి రెండోదాంట్లో ఇమిడిపోతుందని చాలామంది అనుకుంటారు, కాలం అనంతమైనప్పుడు అలా జరగదు. సింక్ ఫంక్షన్ (సైన్ టీ బై టీ) రెండో గుంపులో ఉంది, మొదటిదాంట్లో లేదు. సున్నా నుంచి ఒకటి వరకు మాత్రమే ఉండే, ఒకటి బై వర్గమూలం టీ అనే సిగ్నల్ మొదటి గుంపులో ఉంది, రెండోదాంట్లో లేదు. ఈ రెండూ నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసి పెట్టుకోండి, సింక్‌తో మనకు వెంటనే పని పడుతుంది.

మూడో మెట్టు: కన్వల్యూషన్ ఎందుకు వస్తుందో నిజాయతీగా రాబట్టండి

లీనియర్, టైమ్ ఇన్వేరియంట్ అయితే చాలు, అవుట్‌పుట్ అంటే ఇన్‌పుట్‌కీ ఇంపల్స్ రెస్పాన్స్‌కీ (ఒక్క క్షణంలో ఇచ్చే తాకిడికి సిస్టమ్ ఇచ్చే అవుట్‌పుట్‌కీ) కన్వల్యూషన్ అని డిగ్రీలో నేర్చుకున్నాం. ప్రూఫ్ మళ్లీ రాయండి, ఈసారి ప్రతి గీత పక్కన "ఇక్కడ ఏ షరతు వాడాను" అని రాస్తూ. ఇన్‌పుట్‌ని ఇంపల్స్‌ల మొత్తంగా విడగొడతాం, లీనియారిటీతో సిస్టమ్‌ని ఆ మొత్తం లోపలికి పంపుతాం, టైమ్ ఇన్వేరియన్స్‌తో ప్రతి ఇంపల్స్‌కీ అదే రెస్పాన్స్‌ని జరిపి వాడతాం. మధ్య గీత దగ్గర ఆగండి. లీనియారిటీ నిర్వచనం రెండు సిగ్నల్స్ గురించి చెబుతుంది, దాన్ని ఎన్ని సిగ్నల్స్‌కైనా పొడిగించవచ్చు, కానీ ఆ లెక్క పరిమితంగా ఉండాలి. ఇక్కడ మొత్తం అనంతం. అనంతమైన మొత్తం లోపలికి సిస్టమ్‌ని పంపాలంటే ఇంకో షరతు కావాలి, అదే కంటిన్యుటీ: ఇన్‌పుట్‌లు దగ్గరయ్యేకొద్దీ అవుట్‌పుట్‌లూ దగ్గరవాలి.

ఆ షరతు లేకపోతే ఏమవుతుందో చూడండి. కాలం మైనస్ అనంతానికి పోయినప్పుడు ఒక విలువ దగ్గర స్థిరపడే సిగ్నల్స్‌నే ఇన్‌పుట్‌గా తీసుకుందాం. ఆ స్థిరపడిన విలువనే అన్ని క్షణాల్లోనూ అవుట్‌పుట్‌గా ఇచ్చే సిస్టమ్ అనుకోండి. ఇది లీనియరే, టైమ్ ఇన్వేరియంటే. ఇంపల్స్ ఇస్తే మైనస్ అనంతం దగ్గర విలువ సున్నా, కాబట్టి ఇంపల్స్ రెస్పాన్స్ పూర్తిగా సున్నా. కన్వల్యూషన్ సూత్రం ప్రకారం ఏ ఇన్‌పుట్‌కైనా అవుట్‌పుట్ సున్నా రావాలి. కానీ ఇన్‌పుట్‌గా స్థిరమైన 5 ఇస్తే అవుట్‌పుట్ 5 వస్తుంది! ఇంపల్స్ రెస్పాన్స్ తెలిస్తే సిస్టమ్ మొత్తం తెలిసినట్టే అనే మాటకు షరతు ఉందని ఇంతకంటే సూటిగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

స్టెబిలిటీ కూడా ఇక్కడే పూర్తి చేయండి. పరిమితమైన ఇన్‌పుట్‌కి పరిమితమైన అవుట్‌పుట్ రావాలంటే ఇంపల్స్ రెస్పాన్స్ అబ్సొల్యూట్ ఇంటిగ్రల్ పరిమితంగా ఉండాలి. ఆ ఇంటిగ్రల్ పరిమితమైతే స్టేబుల్ అనే ప్రూఫ్ రెండు గీతల్లో అయిపోతుంది. స్టేబుల్ అయితే ఆ ఇంటిగ్రల్ పరిమితం కావాల్సిందేనని రాబట్టడమే అసలు పాఠం: ఇంపల్స్ రెస్పాన్స్‌ని కాలంలో తిప్పి, దాని గుర్తుని మాత్రమే, అంటే ప్లస్ 1 లేదా మైనస్ 1, ఇన్‌పుట్‌గా ఇవ్వండి. సున్నా క్షణంలో అవుట్‌పుట్ సరిగ్గా ఆ అబ్సొల్యూట్ ఇంటిగ్రల్ అవుతుంది. ఇప్పుడు ఒక హద్దు దాకా ఫ్రీక్వెన్సీలని ఉన్నవున్నట్టు పంపి మిగతావి పూర్తిగా ఆపేసే ఐడియల్ లో పాస్ ఫిల్టర్ తీసుకోండి, దాని ఇంపల్స్ రెస్పాన్స్ సింక్, అది మొదటి గుంపులో లేదని ఇంతకుముందే చూశాం. అంటే ప్రతి క్లాసులోనూ గీసే ఆ చక్కటి దీర్ఘచతురస్రాకార ఫిల్టర్ ఈ అర్థంలో స్టేబుల్ కాదు. ఎనర్జీ అర్థంలో మాత్రం స్టేబులే, ఎందుకంటే ఏ ఫ్రీక్వెన్సీనీ అది ఒకటి కంటే ఎక్కువ రెట్లు పెంచదు. "స్టేబులా?" అనే ప్రశ్న "ఏ స్పేస్ నుంచి ఏ స్పేస్‌కి?" అని అడిగేదాకా పూర్తి కాదు.

నాలుగో మెట్టు: ఫోరియర్‌ని మూడు అంతస్తులుగా చదవండి

1822లో ఫోరియర్ పుస్తకం వచ్చినప్పటినుంచి ఈ ట్రాన్స్‌ఫార్మ్ ఎప్పుడు చెల్లుతుందో తేల్చడానికి గణితజ్ఞులకు ఒక శతాబ్దం పైనే పట్టింది, కాబట్టి ఇది ఒక్క వారంలో తేలకపోతే టెన్షన్ పడకండి. మొదటి అంతస్తు అబ్సొల్యూట్‌గా ఇంటిగ్రేట్ అయ్యే సిగ్నల్స్, ఇక్కడ నిర్వచనం ఉన్నది ఉన్నట్టుగా పనిచేస్తుంది, ట్రాన్స్‌ఫార్మ్ కంటిన్యువస్‌గా వస్తుంది. రెండో అంతస్తు పరిమిత ఎనర్జీ ఉన్నవి, ఇక్కడ ఇంటిగ్రల్ నేరుగా పనిచేయకపోవచ్చు, లిమిట్ తీసుకోవాలి, ప్లాంషెరెల్ 1910లో చూపిన ప్రకారం ఎనర్జీ మాత్రం రెండు వైపులా ఒకటే. మూడో అంతస్తు ఇంపల్స్, సైన్ తరంగం, స్టెప్ లాంటివి. ఇవి పై రెండు గుంపుల్లోనూ లేవు, అయినా మనం రోజూ వాడేవి ఇవే. వీటికి లారాంట్ ష్వార్ట్జ్ 1940ల్లో కట్టిన డిస్ట్రిబ్యూషన్ సిద్ధాంతం కావాలి.

మూడో అంతస్తుని చూసి భయపడి దాటేయకండి. అందులో ఉన్న ఆలోచన సులువే: ఇంపల్స్‌కి ఒక్కో క్షణంలో విలువ ఎంత అని అడగొద్దు, ఒక నున్నటి ఫంక్షన్‌తో కలిపి ఇంటిగ్రేట్ చేస్తే ఏం ఇస్తుందో అదే దాని నిర్వచనం. ఈ దృష్టితో చూస్తే డెల్టాకి (ఇంపల్స్‌కే ఇంకో పేరు) డెరివేటివ్ ఎందుకు ఉందో, డెల్టా వర్గానికి ఎందుకు అర్థం లేదో రెండూ తెలుస్తాయి. రెండు డెల్టాలని గుణించి లెక్క ముందుకు నడిపిన పరిష్కారం ఎక్కడైనా కనిపిస్తే అక్కడ ఎర్ర పెన్నుతో గీత పెట్టండి.

ఇంకొంచెం లోతుకి వెళ్లాలనుకునేవాళ్లకి: పరిమిత ఎనర్జీ ఉన్న పీరియాడిక్ సిగ్నల్ ఫోరియర్ సిరీస్ దాదాపు ప్రతి బిందువు దగ్గరా ఆ సిగ్నల్‌కే చేరుతుందని కార్లెసన్ 1966లో నిరూపించాడు. షరతుని అబ్సొల్యూట్ ఇంటిగ్రల్ పరిమితం అనేదాకా సడలిస్తే దాదాపు ప్రతి బిందువు దగ్గరా చెదిరిపోయే సిరీస్ ఉందని కల్మగరోవ్ 1923లోనే చూపించాడు. ఆ ప్రూఫ్‌లు చదవాల్సిన పని లేదు, ఆ రెండు వాక్యాల మధ్య ఎంత దూరం ఉందో చూస్తే చాలు.

ఐదో మెట్టు: లాప్లాస్, జెడ్ ట్రాన్స్‌ఫార్మ్

ఇక్కడ ఎక్కువ ఆగనక్కర్లేదు, లాప్లాస్‌కైనా, శాంపిల్స్‌కి వాడే జెడ్‌కైనా ఒక్క విషయం గట్టిగా పట్టుకుంటే చాలు. ట్రాన్స్‌ఫార్మ్ అంటే సూత్రం ఒక్కటే కాదు, సూత్రంతో పాటు అది కన్వర్జ్ అయ్యే ప్రాంతం కూడా. ఒకటి బై ఎస్ ప్లస్ ఒకటి తీసుకుంటే, సున్నా నుంచి కుడివైపు తగ్గుతూ పోయే ఎక్స్‌పొనెన్షియల్‌ది అదే సూత్రం, సున్నాకి ఎడమవైపు మాత్రమే ఉండి మైనస్ గుర్తుతో ఉండే అదే ఎక్స్‌పొనెన్షియల్‌ది కూడా అదే సూత్రం. మొదటిదాని ప్రాంతం మైనస్ 1కి కుడివైపు, రెండోదాని ప్రాంతం ఎడమవైపు. సిస్టమ్ కాజల్ (రాబోయే ఇన్‌పుట్ మీద ఆధారపడనిది) అన్నా, స్టేబుల్ అన్నా నిజానికి మనం ఆ ప్రాంతాన్ని ఎంచుకుంటున్నాం. పోల్స్ (సూత్రంలో హారం సున్నా అయ్యే చోట్లు) మైనస్ 1 దగ్గరా 2 దగ్గరా ఉన్న సిస్టమ్‌కి ఎన్ని ఇంపల్స్ రెస్పాన్స్‌లు సాధ్యమో, అందులో ఏది కాజల్, ఏది స్టేబుల్, రెండూ అయ్యేది ఏదైనా ఉందా అన్నది చేత్తో రాయండి. మూడు వస్తాయి, రెండు గుణాలూ ఉన్నది ఒక్కటీ ఉండదు.

ఆరో మెట్టు: శాంప్లింగ్, డీఎఫ్‌టీ, ఈసారి కంప్యూటర్ ముందు కూర్చుని

పైథాన్‌లో నంపై, సైపై, లేదా ఆక్టేవ్, ఏదైనా సరే. ఈ మెట్టుని కాగితం మీదే చదివితే ఏమీ మిగలదు.

ముందు శాంప్లింగ్ థీరమ్. కొటెల్నికోవ్ 1933లో, షానన్ 1949లో రాసిన ఈ థీరమ్‌ని చాలామంది "గరిష్ఠ ఫ్రీక్వెన్సీకి రెండింతలు తీసుకుంటే చాలు" అని గుర్తుపెట్టుకుంటారు. 50 హెర్ట్జ్ సైన్ తరంగాన్ని సెకనుకి సరిగ్గా 100 శాంపిల్స్ చొప్పున, సున్నా దాటే చోటి నుంచి మొదలుపెట్టి తీసుకోండి. అన్ని శాంపిల్సూ సున్నాలే. రెండింతలు కాదు, రెండింతల కంటే ఎక్కువ కావాలి. ఇంకో షరతు ఇంతకంటే ముఖ్యమైనది: సిగ్నల్ బ్యాండ్ లిమిటెడ్ అయి ఉండాలి, అంటే ఒక హద్దు దాటిన ఫ్రీక్వెన్సీలేవీ ఉండకూడదు, కానీ కాలంలో పరిమితమైన ఏ సిగ్నలూ, పూర్తిగా సున్నా అయితే తప్ప, బ్యాండ్ లిమిటెడ్ కాలేదు. అంటే మనం రికార్డు చేసే ఏ సిగ్నల్‌కీ ఈ షరతు పూర్తిగా కుదరదు. శాంపిల్స్ తీసేముందే పై ఫ్రీక్వెన్సీలని తగ్గించే యాంటీ ఎలియాసింగ్ ఫిల్టర్ అందుకే ఉంది, అది ఎంత ఎర్రర్ మిగులుస్తుందో అంచనా కట్టడం ఇంజనీర్ పని.

తర్వాత డీఎఫ్‌టీ (డిస్క్రీట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్), అంటే శాంపిల్స్‌కి కట్టే ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్. సెకనుకి 1000 శాంపిల్స్, ఒక సెకను రికార్డు. 50 హెర్ట్జ్ తరంగం ఇస్తే పాజిటివ్ వైపు ఒకే గీత నిటారుగా లేస్తుంది. 50.5 ఇవ్వండి, ఎనర్జీ అన్ని బిన్‌లలోకీ (ఫ్రీక్వెన్సీ గడుల్లోకీ) పారిపోతుంది, పక్కపక్కనే ఉన్న రెండు పెద్ద గీతలు అసలు ఎత్తులో దాదాపు 64 శాతమే ఉంటాయి. ఇప్పుడు 50, 50.5 రెండూ సమాన ఎత్తుతో కలిపి ఇవ్వండి, రికార్డు నడిమధ్యలో రెండింటి ఫేజ్ ఒకటిగా ఉండేలా చూసుకోండి. ఒకే గుట్ట కనపడుతుంది. చివర సున్నాలు చేర్చి 16 రెట్లు పొడవు చేస్తే ఆ గుట్టే ఇంకా నున్నగా కనపడుతుంది, రెండుగా మాత్రం విడిపోదు. రికార్డుని నిజంగా 4 సెకన్లకి పెంచండి, రెండూ విడిగా నిలబడతాయి. సున్నాలు చేర్చడం వల్ల రిజల్యూషన్ పెరుగుతుందనే అపోహ పరిశోధన దాకా వచ్చినవాళ్లలో కూడా ఉంటుంది, ఈ ప్రయోగం ఒక్కసారి చేసినవాళ్లకి ఇక ఉండదు.

విండోలు (డీఎఫ్‌టీకి ముందు రికార్డుని గుణించే ఆకారాలు) కూడా ఇలాగే నేర్చుకోండి. పక్క గుట్టల్లో ఎత్తైనది రెక్టాంగ్యులర్ విండోలో ప్రధాన గుట్ట కంటే దాదాపు 13 డెసిబెల్స్ కిందే ఉంటుంది, హాన్ విండోలో దాదాపు 31 కిందకి పోతుంది, బదులుగా ప్రధాన గుట్ట వెడల్పు రెండింతలవుతుంది. ఒక పెద్ద తరంగం పక్కన వందో వంతు ఎత్తున్న చిన్న తరంగం పెట్టి, ఏ విండోలో అది కనపడుతుందో, ఏ విండోలో మునిగిపోతుందో చూడండి.

1965లో కూలీ, ట్యూకీ ప్రచురించిన, డీఎఫ్‌టీని వేగంగా కట్టే ఎఫ్‌ఎఫ్‌టీ అల్గారిథమ్‌ని చిన్న సైజుకి మీరే కోడ్ రాయడం మంచిది. 1024 పాయింట్లకి నేరుగా చేస్తే 10,48,576 కాంప్లెక్స్ గుణకారాలు, ఎఫ్‌ఎఫ్‌టీతో దాదాపు 5,120. ఆ తేడా ఎక్కడినుంచి వస్తుందో కోడ్ రాస్తేనే చేతికి తెలుస్తుంది.

ఏడో మెట్టు: స్టేట్ స్పేస్

ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ (అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మ్ బై ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మ్) బయటినుంచి చూసే చూపు, స్టేట్ స్పేస్ లోపలి చూపు. 1960 ప్రాంతంలో కల్మాన్ కంట్రోలబిలిటీ (ఇన్‌పుట్‌తో లోపలి స్టేట్‌ని కావాల్సిన చోటికి తీసుకెళ్లగలగడం), అబ్జర్వబిలిటీ (అవుట్‌పుట్ చూసి ఆ స్టేట్‌ని తెలుసుకోగలగడం) అనే భావాలు తెచ్చాక ఈ రెండు చూపులూ ఎక్కడ విడిపోతాయో స్పష్టమైంది.

ఒకటి బై ఎస్ మైనస్ ఒకటి అనే అన్‌స్టేబుల్ సిస్టమ్ ముందు, ఎస్ మైనస్ ఒకటి బై ఎస్ ప్లస్ రెండు అనే ఇంకో సిస్టమ్ పెట్టారనుకోండి. గుణిస్తే ఎస్ మైనస్ ఒకటి కొట్టివేయబడి ఒకటి బై ఎస్ ప్లస్ రెండు మిగులుతుంది, కాగితం మీద పూర్తిగా స్టేబుల్. లోపల మాత్రం ఆ పెరిగే మోడ్ అలాగే ఉంది, ఇన్‌పుట్ దాన్ని తాకలేదు, అంతే. ఆ అన్‌స్టేబుల్ సిస్టమ్‌లో మొదట్లో ఏ కాస్త నాయిస్ ఉన్నా 20 సెకన్లలో అది 48 కోట్ల రెట్లకు పైగా పెరుగుతుంది. దీన్ని కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేసి చూస్తే, పోల్‌నీ జీరోనీ కొట్టేసే ముందు చెయ్యి ఆగుతుంది.

కంట్రోలబిలిటీకి మ్యాట్రిక్స్ ర్యాంక్ చూడటం పరీక్ష వరకు సరిపోతుంది. ర్యాంక్ అవును, కాదు అని మాత్రమే చెబుతుంది, ఆ స్టేట్‌కి తీసుకెళ్లడానికి ఎంత ఎనర్జీ పడుతుందో గ్రామియన్ అనే ఇంకో మ్యాట్రిక్స్ చెబుతుంది. అసలు లెక్కల్లో రెండోదే పనికొస్తుంది.

టైమ్ వేరియింగ్ సిస్టమ్స్ అధ్యాయాన్ని సమయం లేదని వదిలేస్తుంటారు. దయచేసి వదలకండి, ఎందుకంటే అక్కడ మన అంతర్బుద్ధి దారుణంగా మోసం చేస్తుంది. మొదటి వరుసలో మైనస్ 1 ప్లస్ 1.5 కాస్ స్క్వేర్ టీ, 1 మైనస్ 1.5 సైన్ టీ కాస్ టీ, రెండో వరుసలో మైనస్ 1 మైనస్ 1.5 సైన్ టీ కాస్ టీ, మైనస్ 1 ప్లస్ 1.5 సైన్ స్క్వేర్ టీ ఉన్న మ్యాట్రిక్స్ రాసుకోండి. ఏ క్షణంలో చూసినా దీని ఐగెన్ వాల్యూల రియల్ భాగం మైనస్ పావు, మారనే మారదు. తగ్గిపోవాలి కదా? మొదటి స్టేట్ 1, రెండోది 0తో మొదలుపెడితే పరిష్కారం ఎక్స్‌పొనెన్షియల్ ఆఫ్ టీ బై 2 చొప్పున పెరుగుతూనే పోతుంది. ప్రతి క్షణంలోనూ స్టేబుల్‌గా కనపడేది మొత్తంగా అన్‌స్టేబుల్ కావచ్చు. ఇది అర్థమైతే 1892లో ల్యాపునోవ్ స్టెబిలిటీ తేల్చడానికి మొదలుపెట్టిన పద్ధతి ఎందుకు అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

ఎనిమిదో మెట్టు: ర్యాండమ్ సిగ్నల్స్

ప్రాబబిలిటీ బలహీనంగా ఉంటే ఇక్కడ ఆగి దాన్ని సరిచేసుకోండి, కండిషనల్ ఎక్స్‌పెక్టేషన్ వరకు బాగా రావాలి. ఆ తర్వాత మూడు ఉదాహరణలు మీ నోట్‌బుక్‌లో తప్పకుండా ఉండాలి.

ఒకటి, కాలంతో మారని ర్యాండమ్ స్థిరాంకం. నాణెం ఎగరేసి బొమ్మ పడితే ఎప్పటికీ ప్లస్ 1, బొరుసు పడితే ఎప్పటికీ మైనస్ 1. స్టేషనరీనే (గణాంక గుణాలు కాలంతో మారవు), కానీ ఎంతసేపు సగటు తీసినా ఎక్స్‌పెక్టేషన్ అయిన సున్నా రాదు, అంటే కాలం మీద తీసిన సగటు ఎక్స్‌పెక్టేషన్‌కి చేరే ఎర్గోడిక్ రకం కాదన్నమాట. రెండు, ప్లస్ 1కీ మైనస్ 1కీ మధ్య పాసన్ క్షణాల్లో దూకే టెలిగ్రాఫ్ సిగ్నల్, వైట్ గాసియన్ నాయిస్‌ని ఒక ఫస్ట్ ఆర్డర్ ఫిల్టర్ గుండా పంపగా వచ్చిన సిగ్నల్. గీసి చూస్తే ఒకదానికొకటి పోలికే ఉండదు, కానీ రెండింటి ఆటోకోరిలేషనూ (సిగ్నల్‌కి జరిపిన తన కాపీతోనే ఉండే పోలిక) ఎక్స్‌పొనెన్షియలే, పారామీటర్లు సరిచేస్తే పవర్ స్పెక్ట్రమ్ అచ్చంగా ఒకటే. స్పెక్ట్రమ్ తెలిస్తే ప్రాసెస్ తెలిసినట్టు కాదని ఇంతకంటే బాగా ఏదీ చెప్పదు.

మూడోది పీరియడోగ్రామ్. వైట్ నాయిస్‌కి డీఎఫ్‌టీ వర్గం తీసి స్పెక్ట్రమ్ అంచనా కట్టండి, 256 శాంపిల్స్‌తో ఒకసారి, 65,536తో ఒకసారి. రెండోది చదునుగా వస్తుందని ఆశిస్తాం. అది కూడా అంతే ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఎందుకంటే డేటా పెరిగినా ఒక్కో బిన్ దగ్గర స్టాండర్డ్ డీవియేషన్ దాదాపు సగటుతో సమానంగానే ఉంటుంది. ముక్కలు చేసి సగటు తీస్తే తగ్గుతుంది, బదులుగా రిజల్యూషన్ పోతుంది. వెల్చ్ 1967లో చెప్పిన పద్ధతి ఈ బేరమే.

తొమ్మిదో మెట్టు: ఎస్టిమేషన్

రెండో మెట్టు బాగా చేసినవాళ్లకి ఇది బహుమతి లాంటిది. నాయిస్‌లో మునిగిన సిగ్నల్‌ని లీనియర్‌గా అంచనా కట్టాలంటే ఎర్రర్ డేటాకి లంబంగా ఉండాలి, అంతే. డేటా మొత్తం ఒకేసారి తీసుకుని స్టేషనరీ అనుకుంటే వీనర్ ఫిల్టర్, ఒక్కో కొలత వచ్చేకొద్దీ ప్రొజెక్షన్‌ని సరిచేసుకుంటూ పోతే కల్మాన్ ఫిల్టర్. మ్యాట్రిక్స్‌లతో మొదలుపెట్టకండి. మారని ఒక సంఖ్య, దాన్ని నాయిస్‌తో మళ్లీ మళ్లీ కొలుస్తున్నారు, ముందస్తు సమాచారం ఏమీ లేదు. కల్మాన్ గెయిన్ (కొత్త కొలతకి ఇచ్చే బరువు) చేత్తో లెక్కకట్టండి: 1, సగం, మూడో వంతు, పావు అని వస్తుంది. అంటే మామూలు సగటే! ఇప్పుడు ఆ సంఖ్య కూడా కొద్దికొద్దిగా మారుతుందని ప్రాసెస్ నాయిస్ చేర్చండి, గెయిన్ సున్నాకి పోకుండా ఒక విలువ దగ్గర ఆగిపోతుంది. ఎందుకు ఆగాలో మీ మాటల్లో ఒక పేరా రాయగలిగితే ఫిల్టర్ అర్థమైనట్టే.

ఇంతకంటే బాగా ఎవరూ అంచనా కట్టలేరు అని చెప్పే క్రామెర్ రావు బౌండ్‌కి కూడా ఒక పేజీ ఇవ్వండి. సి. ఆర్. రావు దీన్ని 1945లో ప్రచురించారు. దీని షరతుల్లో ఒకటి, డేటా పడే పరిధి పారామీటర్ మీద ఆధారపడకూడదు. సున్నా నుంచి తీటా వరకు సమానంగా పడే డేటా నుంచి తీటాని అంచనా కట్టాలంటే ఆ షరతు తప్పుతుంది, అక్కడ గరిష్ఠ విలువ ఆధారంగా కట్టిన అంచనా వేరియన్స్ శాంపిల్స్ సంఖ్య వర్గానికి విలోమంగా తగ్గుతుంది, మామూలుగా ఆ బౌండ్ చెప్పే వేగం కంటే చాలా ఎక్కువ.

రోజువారీ పని ఎలా ఉండాలి

వారానికి ఒక ప్రూఫ్ చాలు, కానీ దాన్ని పుస్తకం మూసి మొత్తం రాయాలి, ఎక్కడ ఆగారో అక్కడ గుర్తు పెట్టి మర్నాడు మళ్లీ రాయాలి. సమస్యలు చేసేటప్పుడు జవాబు చూసేముందు కనీసం అరగంట కుస్తీ పట్టండి, ఆ అరగంటలో పేజీ ఖాళీగా ఉన్నా పర్వాలేదు, ప్రయత్నించి పనికిరాని దారులు కూడా రాయండి. వచ్చిన ప్రతి జవాబునీ ఒక చిన్న కేసుతో సరిచూడండి: ఇన్‌పుట్ స్థిరాంకమైతే ఏం రావాలి, ఆలస్యం సున్నా అయితే ఏం రావాలి, యూనిట్లు కుదురుతున్నాయా అని. చదువుకునే తోడు ఒకరున్నా చాలు, మీ నోట్‌బుక్‌లోని ఒక థీరమ్ చెప్పి "ఈ షరతు తీసేస్తే?" అని ఒకరినొకరు అడగండి. గంటల తరబడి ఒంటరిగా చదివినా బయటపడని గందరగోళం ఆ ఒక్క ప్రశ్నతో బయటపడుతుంది.

పరిశోధన పత్రాలు ఎప్పుడు మొదలుపెట్టాలని అడుగుతుంటారు. ఏడో మెట్టు అయ్యాక ఒకటి తీసుకోండి, కొత్తది అక్కర్లేదు. మొదటిసారి చదివేటప్పుడు సమీకరణాలు దాటేసి, "అనుకుందాం", "ఊహించుకుంటే" అని ఉన్న వాక్యాలన్నీ గుర్తు పెట్టండి. రెండోసారి చదివేటప్పుడు ఆ ఊహ ప్రూఫ్‌లో ఏ గీత దగ్గర వాడారో వెతకండి. ఒక ఊహ ఎక్కడా వాడలేదని తేలితే, లేదా చెప్పకుండా వాడిన షరతు ఒకటి దొరికితే, దాన్ని తీసుకుని మీ గైడ్ దగ్గరకి వెళ్లండి. మీ సొంత పరిశోధన ప్రశ్న అక్కడే దొరకొచ్చు.